అలక అనుకున్నాను

మా ఇంట్లో కొట్లాట అంటే అరుపులు, గిన్నెలు విసరడం కాదు. మాట మానేయడం. మా అమ్మ, మా పెద్దమ్మ అలాగే చేసేవారు. వాళ్లను చూసి మేమిద్దరం అక్కచెల్లెళ్లం అదే నేర్చుకున్నాం. కోపం వస్తే నోటికి తాళం పడుతుంది. అలాగని పనులు ఆగవు. వండుతాం, వడ్డిస్తాం, నీళ్లు పట్టి పెడతాం. ఏదైనా చెప్పక తప్పకపోతే గోడకు చెబుతాం. "గ్యాసు అయిపోయినాది, తెలియాల్సినోళ్లకు తెలిస్తే బాగుంటాది" అని తలుపుతో అనేసి వెళ్లిపోయిన రోజులున్నాయి. ముందుగా నేరుగా పలికిన మనిషి ఓడిపోయినట్టు. నేను ఓడిన సందర్భాలు చాలా తక్కువ. అక్కే ఎప్పుడూ ముందు దిగివచ్చేది, నేను గెలిచినట్టు మొహం పెట్టుకునేదాన్ని.

అక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద. మమ్మల్నిద్దరినీ అన్నదమ్ములకే ఇచ్చారు, కాబట్టి తోడికోడళ్లం కూడా. తమిళనాడులోని గుడియాత్తంలో ఒకటే ఇల్లు, ఒకటే వంట. మగవాళ్లిద్దరూ సెంట్రింగు పని చేయిస్తారు. ఎక్కడ కట్టడం లేస్తుంటే అక్కడే వాళ్ల మకాం, ఆ ఏడు హోసూరులో. అక్కకు ఉన్నది ఒక్క కూతురు, పెళ్లయి తిరుపత్తూరులో ఉంటుంది. నాకు పిల్లలు లేరు. ఏడాదిలో సగం రోజులు ఆ ఇంట్లో మేమిద్దరమే. ఇంట్లో తెలుగే మాట్లాడినా మావాళ్లలో తెలుగు చదవడం వచ్చినవాళ్లు తక్కువ. నేను చిన్నప్పుడు చిత్తూరులో మేనత్త దగ్గర చదువుకున్నాను కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. అక్కకు తెలుగు చదవడం రాదు. ఉన్నదున్నట్టు రాసే ధైర్యం అందుకే వచ్చిందేమో.

అక్కకు మూర్ఛ ఉంది. ఇరవై ఏళ్ల కిందట మొదటిసారి వచ్చినప్పుడు వేలూరులో స్కాను తీసి, తలలో ఎప్పుడో పురుగు గుడ్డు ఒకటి చేరి ఎండిపోయిందని, అది చుక్కలా నిలిచిపోయిందని చెప్పారు. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. వేసుకున్నంత కాలం ఏమీ ఉండదు. కానీ ఆ మాత్రల అట్టను అక్క పోపుల డబ్బా వెనక దాచేది. ఊరికి వెళితే జాకెట్లో దోపుకుని, పెరట్లోకి వెళ్లి మింగివచ్చేది. మూర్ఛ ఉందని తెలిస్తే మనుషులు చూసే చూపు ఆమెకు తెలుసు. ఇరవై ఏళ్లు ఆ మాట మా గడప దాటకుండా కాపాడుకుంది.

దాన్ని గడప దాటించింది నేను. పేర్ణాంబట్టులో మా బంధువుల గృహప్రవేశం, ఆదివారం. అక్క చేతి సాంబారు అంటే మావాళ్లలో పేరు. పెద్ద అండా పొయ్యి మీదికి ఎక్కించి, గరిటె అక్క చేతికిచ్చారు. అక్క కొంగు బిగించి నిలబడింది. కింద మంట భగభగమంటోంది, అండా ఆమె నడుముదాకా ఉంది. ముందు రాత్రి ఆమె నిద్ర సరిగా పోలేదని నాకు తెలుసు. ఆమెను పక్కకు పిలిచి చెవిలో చెప్పి ఉండొచ్చు. నా నోరు అలాంటిది కాదు. ఇరవై మంది ఆడవాళ్ల మధ్య గట్టిగా అన్నాను.

"ఆమెను పొయ్యికాడ నిలబెట్టొద్దండమ్మా, మూర్ఛ మనిషి. అండాలో పడితే ఎవురు జవాబు చెప్పేది?"

ఎవరో వచ్చి అక్క చేతిలోంచి గరిటె తీసుకున్నారు. మర్యాదగానే తీసుకున్నారు, అదే ఇంకా ఘోరం. అక్క చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లి, వెనక వరసలో కూర్చుంది. విస్తరి ముందు కూర్చున్నా ముద్ద ఎత్తలేదు. తిరుగు బస్సులో నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా ముందుకు పోయి ఎవరో ముసలామె పక్కన సర్దుకుంది. ఆ రోజునుంచి మాట లేదు.

సోమవారమంతా ఇల్లు దద్దరిల్లింది. మాట్లాడటం లేదన్నమాటే గానీ లోటా పెడితే చప్పుడు, తలుపు వేస్తే చప్పుడు. నాకూ రోషమే. ఆమె మంచికి చెబితే నామీదనే అలుగుతుందా అనుకున్నాను. మంగళవారం ఆ చప్పుళ్లు లేవు. ఆ రోజు పప్పులో ఉప్పు లేదు. అక్క వంటలో ఉప్పు తప్పడం నేను ఎరగను. నన్ను సాధించడానికే చేసిందనుకున్నాను. ఉప్పు డబ్బా తెచ్చి, ఆమె ఎదుటే ఠంగుమని పెట్టి, కలుపుకుని తిన్నాను. ఆమె అలా చూస్తూ నిలబడింది.

బుధవారం పొద్దున తొమ్మిదికి పెరట్లో బట్టలుతికే బండ దగ్గర ధబ్బుమని చప్పుడైంది. పరుగెత్తాను. అక్క నేల మీద పడి కొట్టుకుంటోంది. పక్కకు తిప్పాను, తల కింద తడి చీర ఉండచుట్టి పెట్టాను, అలవాటుగా చేతిలో తాళంచెవులు పెట్టాను. రెండు నిమిషాలకు కొట్టుకోవడం ఆగింది. గసపోస్తూ నిద్రలోకి జారింది. ఎన్నో ఏళ్ల తరువాత వచ్చినా, ఇదంతా నాకు తెలిసిన దారే. ఫిట్స్ వచ్చాక అరగంట పడుకుంటుంది, లేస్తుంది, కాఫీ అడుగుతుంది. ఎదురింటి బీడీలు చుట్టే పిన్నమ్మ సాయం పట్టింది, ఇద్దరం మోసుకొచ్చి హాల్లో చాప మీద పడుకోబెట్టాం. ఆమె తన పనికి వెళ్లిపోయింది.

ఇక మా అమ్మ చేసినట్టే చేశాను. మూర్ఛ వస్తే తలకు వేడెక్కిందని అర్థం, మాడుకు ఆముదం పెట్టాలి. మామూలుగా ఒక గరిటెడు చాలు. ఆ రోజు నా చెయ్యి ఆగలేదు. నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట రాక, సీసా వంచుకుని మాడుకు, చెంపలకు, చెవుల వెనక, మెడ దాకా రుద్దాను. అక్క జుట్టు ఒత్తు. పాయపాయకూ కుదుళ్లలోకి ఇంకేలా, సీసా అయిపోయేదాకా రుద్దాను. అడగాల్సిన క్షమాపణంతా అలా చేత్తోనే అడిగాననుకున్నాను.

అరగంటకు కళ్లు తెరిచింది. "కాఫీ పెట్టి ఉండాది" అన్నాను గోడతో. పలుకు లేదు. పైకప్పు వంక చూస్తోంది. ఇంత జరిగినా ఇంకా అలకేనా అని ఒళ్లు మండింది. నేను తక్కువ తిన్నానా? లేచి వంటింట్లోకి పోయాను. బియ్యం కడిగాను, కూర తరిగాను. మధ్యమధ్యలో తొంగిచూస్తే అదే చూపు. "కొందరికి తల పగిలినా పొగరు దిగదు" అని అన్నం గిన్నెతో అన్నాను. ఈ మాట రాయకుండా దాటేయొచ్చు, కానీ అన్నాను.

పన్నెండు దాటాక పిన్నమ్మ బీడీల చాట పట్టుకుని మళ్లీ వచ్చింది. "ఏందిమ్మా, అట్ల చూస్తా పండుకోనుండాది?"

"అలక. నాతో మాట్లాడదు ఆదివారం నుంచి" అన్నాను, నవ్వుతూ.

పిన్నమ్మ వంగి చూసింది. "అలిగితే అలగనీ. ఆ చెయ్యేంది, నా మాదిరి బీడీ చుడతా ఉండాదే?"

అప్పుడు చూశాను. అక్క కుడి చేతి బొటనవేలు, చూపుడు వేలు ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి. ఆగకుండా, ఒకే తీరున. పెదవి ఒక మూల సన్నగా ఎగురుతోంది. ఎంతసేపటినుంచి? తెలియదు. నేను చూపు కలపలేదు కదా, అలిగినవాళ్ల మొహం చూడం కదా మేము.

"అక్కా" అన్నాను. పందెంలో ఓడిపోయాను. ఆమె గెలవలేదు, తల తిప్పలేదు. భుజం పట్టి ఊపాను. లేపి కూర్చోబెట్టి కాఫీ లోటా నోటికి పెట్టాను. అది పెదవి మూలనుంచి కారి, మెడమీదుగా ఆముదంలో కలిసింది. పిన్నమ్మ అప్పటికే 108కి ఫోన్ చేస్తూ తమిళంలో అరుస్తోంది.

గుడియాత్తం ఆసుపత్రిలో ఒక సూది వేసి, తలకు సంబంధించింది కాబట్టి ఆలస్యం చేయొద్దు, అదే బండిలో వేలూరుకు తీసుకుపొమ్మన్నారు. పళ్లికొండ మీదుగా వేలూరు పోయే ఆ దారి నాకు కొట్టిన పిండి. ఆ రోజు తరగలేదు. అక్క చెయ్యి పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాను. మూడు రోజుల మాటలు, ముప్పై ఏళ్ల మాటలు. తప్పైపోయింది అక్కా, నా నోరు పడిపోనీ అక్కా, ఆ సాంబారు నువ్వే పెట్టి ఉండాల్సింది అక్కా. వినాల్సిన మనిషి వేళ్లు మాత్రం ఆగకుండా ఆడుతున్నాయి. బండిలోని నర్సు నా వైపు చూసి, మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

వేలూరులో అత్యవసర విభాగం ఎలా ఉంటుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. రక్తం కారేవాళ్లు, అరిచేవాళ్లు, ఏడ్చేవాళ్లు. అక్క ఒక్కతే నిశ్శబ్దంగా పడుకుని ఉంది. నిశ్శబ్దంగా ఉన్న మనిషిని చూస్తే ఎవరికైనా ప్రమాదం లేనట్టే అనిపిస్తుంది, నాకు అనిపించలేదా? అందుకని ఆమె తరఫున నేను గోల చేశాను. తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి. స్కాను తీయించి, రక్తం గడ్డకట్టలేదని చెప్పాక ఒక డాక్టరమ్మ వచ్చింది. వయసు ముప్పై ఉండదేమో. మాట కోస్తా తెలుగు.

"మామూలుగా చివరిసారి ఎప్పుడు మాట్లాడారు ఈవిడ?"

"ఆదివారం."

ఆమె పెన్ను ఆగింది. "ఆదివారమా? ఈ రోజు బుధవారం. ఇన్ని రోజులు ఇంట్లో ఎందుకు పెట్టుకున్నారు?"

చెప్పాను. మా ఇంటి ఆచారం, గోడతో మాట్లాడటం, అన్నీ. ఇంతవరకు ఎంతో గొప్పగా చెప్పుకున్న సంగతి, ఆ లైట్ల కింద చెబుతుంటే ఎంత నీచంగా వినబడిందో! డాక్టరమ్మ కోప్పడలేదు.

"సరే, మాట సంగతి వదిలేయండి. మామూలుగా పనులు చేసుకున్నది ఎప్పటిదాకా? నిన్న బాగానే ఉన్నారా?"

"నిన్న పప్పులో ఉప్పు వెయ్యలేదు" అన్నాను. "కోపంతో అనుకున్నా."

"మాత్రలు వేసుకుంటున్నారా?"

సంచీలో తెచ్చిన అట్ట తీసి ఇచ్చాను. ఆమె దాన్ని తిప్పి చూసి, ఎన్ని మిగిలాయో, ఎప్పుడు కొన్నామో అడిగింది. లెక్క కడితే, ఆదివారం మధ్యాహ్నం నుంచి అక్క ఒక్కటి కూడా తీయలేదు. తనకు మూర్ఛ లేదని నాకు చూపించాలనుకుందో, ఆ మాత్ర ముట్టుకోవడమే అసహ్యమైందో నాకు తెలియదు.

డాక్టరమ్మ అక్క వేళ్లను, పెదవిని కాసేపు చూసింది. రెప్పలు ఎత్తి చూసింది. తరువాత నాకు నెమ్మదిగా చెప్పింది. చేతులు కాళ్లు కొట్టుకోవడం ఆగినంత మాత్రాన మూర్ఛ ఆగినట్టు కాదు, లోపల మెదడులో నడుస్తూనే ఉండొచ్చు, బయటికి మనిషి ఊరికే చూస్తూ పడుకున్నట్టు ఉంటుంది. అలా నడిచేకొద్దీ మెదడు దెబ్బతింటుంది. కానీ ఫిట్స్ తరువాత వచ్చే మగత కూడా ఇలాగే ఉంటుంది. రెండింట్లో ఏదో తేల్చాలంటే మెదడు తరంగాలు చూడాలి. పూర్తి పరీక్ష వేరే చోట చేస్తారు, దానికి సమయం పడుతుంది. ఇక్కడే మంచం దగ్గర చూసే చిన్న యంత్రం ఒకటి ఉంది, నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఒక టెక్నీషియను దాన్ని తెచ్చాడు, నడివయసు మనిషి. తలకు కట్టే పట్టీ, లోపలివైపు చిన్న చిన్న బిళ్లలు, దానికి అరచేతంత తెర. అక్క నుదుటి చుట్టూ పట్టీ బిగించాడు. తెర మీద తల బొమ్మ, దాని మీద చుక్కలు. బిళ్ల తలకు సరిగ్గా అంటితే చుక్క పచ్చగా మారుతుందట. అన్నీ ఎర్రగా ఉన్నాయి. నొక్కాడు. ఎరుపే. బిగించాడు, జెల్ పెట్టాడు. నుదుటి మీది రెండు పచ్చగా వెలిగి, మళ్లీ ఎర్రబడ్డాయి. అతను అక్క జుట్టులోకి వేలు పోనిచ్చి, బయటికి తీసి వాసన చూశాడు.

"ఏమి పూసినారమ్మా ఇది?"

"ఆముదం."

"ఎంత?"

"సీసాడు."

అతను డాక్టరమ్మ వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. అంత జిడ్డులో బిళ్లలు నిలవవు, నిలిచినా ఏమీ అందుకోవు. స్పిరిటు దూదితో రుద్దాడు. దూది పసుపుపచ్చగా ముద్దయి, నూనెను ఇంకోచోటికి తోసిందే తప్ప తీయలేదు.

డాక్టరమ్మ గడియారం చూసింది. "ఇప్పటికే ఒక సూది పడింది. ఇంకా గట్టి మందు ఇస్తే ఊపిరి మందగించొచ్చు, గొట్టం వేయాల్సి రావచ్చు. చూసి ఇస్తే ధైర్యంగా ఇస్తాను. ఐదు నిమిషాలు చూస్తాను. కుదరకపోతే చూడకుండానే మొదలుపెడతాను. ఇంతకంటే ఆగలేను."

ఆ ఐదు నిమిషాల్లో నా బుర్ర ఎలా పనిచేసిందో నాకే ఆశ్చర్యం. ఆముదాన్ని తడితో తీయలేం. తలంటుకు ముందు మేము పొడి పిండి చల్లి, అది నూనె పీల్చుకున్నాక దులిపి, ఆ తరువాతే నీళ్లు పోస్తాం. పక్క మంచం దగ్గర ఒకామె చంటిబిడ్డతో కూర్చుని ఉంది, కాళ్ల దగ్గర సంచీ. "అమ్మా, బిడ్డ పౌడరు ఉండాదా?" అని అడిగి, ఆమె జవాబు చెప్పేలోగా డబ్బా లాక్కున్నాను. పాయ తీసి పౌడరు కుమ్మరించాను, కొంగుతో ఒత్తి తుడిచాను, మళ్లీ కుమ్మరించాను. పేలు చూసే చేతులు ఇవి. ఎక్కడ పాయ తీస్తే మాడు కనబడుతుందో నా వేళ్లకు తెలుసు. "యాడ కావల్ల? యాడ పెట్టల్ల బిళ్ల?" అని అరుస్తున్నాను. టెక్నీషియను వేలితో చూపిస్తున్నాడు, నేను తుడుస్తున్నాను, అతను నా వెనకే సబ్బునీళ్ల గుడ్డతో అద్ది, పొడిగుడ్డతో ఒత్తి, బిళ్ల ఆనిస్తున్నాడు. నుదురు పచ్చబడింది. కుడి కణత పచ్చబడింది. ఎడమ చెవి పైన ఎర్రగానే ఉంది. అక్కడే ఎక్కువ రుద్దాను పొద్దున. గోళ్లతో గీరాను, అక్క మాడు ఎర్రగా కందింది. ఆమె మూలగలేదు కూడా. నేనే ఏడుస్తున్నాను, ఆ కన్నీళ్లు కూడా తుడవాల్సి వస్తుందేమోనని తల పక్కకు తిప్పుకుని ఏడుస్తున్నాను.

ఎడమవైపు చుక్కలు కూడా పచ్చబడ్డాయి.

తెర మీద గీతలు పరుగెత్తాయి. కుడివైపువి అలల్లా వంకరగా పోతున్నాయి. ఎడమవైపువి నిటారుగా లేచి, పడి, లేచి, కుట్టుమిషను సూదిలా ఆడుతున్నాయి. డాక్టరమ్మ ఒక మీట నొక్కింది. ఆ యంత్రం మెదడు తరంగాలను శబ్దంగా వినిపిస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. కుడివైపు పెట్టింది. సన్నగా హుమ్మంటూ సాగింది. ఎడమవైపు పెట్టింది.

అది ఏడుపు. వేరే మాట నాకు దొరకడం లేదు. కిందినుంచి లేచి, వణుకుతూ పైకెక్కి, ఊపిరి చాలనట్టు తెగి, మళ్లీ మొదలయ్యేది. ఆపకుండా, ఆపకుండా.

"మూర్ఛ ఇంకా నడుస్తోంది" అంది డాక్టరమ్మ. "ఎడమవైపు. మాటకు సంబంధించిన భాగం దగ్గర." అప్పటికే ఆమె చెయ్యి మందు కోసం చాచి ఉంది.

నేను మంచం ఇనపకమ్మీ పట్టుకుని నిలబడ్డాను. లోపల ఇంత ఏడుపు నడుస్తుంటే నేను కూర తరిగాను. పొగరన్నాను. పక్క గదిలోనే ఉండి, అన్నం గిన్నెతో మాట్లాడాను. నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గోడ కూడా నా మాటలు వినీవినీ విసిగిపోయి ఉంటుంది.

మొదటి మందుకు ఆ శబ్దం తగ్గింది. నేను దేవుడా అనుకునేలోగా మళ్లీ లేచింది. రెండో మందు నెమ్మదిగా ఎక్కించారు. డాక్టరమ్మ ఒక చెయ్యి అక్క ఛాతీ మీద పెట్టి, ఊపిరి చూసుకుంటూ, చెవి ఆ యంత్రం వైపు పెట్టింది. శబ్దం తెగింది, సాగింది, తెగింది. చివరికి ఎడమవైపు కూడా హుమ్మంటూ సాగిపోయింది. అక్క వేళ్లు దుప్పటి మీద విడివడి ఆగిపోయాయి. సాయంత్రం నాలుగున్నర. పట్టీ అలాగే ఉంచి ఐసీయూకు తీసుకుపోయారు.

చీకటి పడేలోగా హోసూరు నుంచి బావ వచ్చాడు. సిమెంటు అంటిన చేతుల్తోనే వచ్చాడు. "నువ్వు ఇంట్లో ఉండబట్టి సరిపోయినాదమ్మా, లేకుంటే ఏమైపోయుండునో" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను ఏమీ చెప్పలేదు. ఆయన చేతుల్లోంచి నా చేతులు లాక్కోలేదు కూడా. తిరుపత్తూరు నుంచి కూతురు వచ్చి నా భుజం మీద పడి ఏడ్చింది. ఆమెకూ చెప్పలేదు. నోరున్నదాన్నని పేరు తెచ్చుకున్న నాకు, ఆ ఒక్క మాట చెప్పడానికి నోరు లేకపోయింది.

రోజూ పొద్దున డాక్టరమ్మ నన్ను ఒకే మాట అడిగేది. "బాగా గుర్తు తెచ్చుకోండి. ఎప్పుడు మొదలైందో తెలిస్తే, ఎంత తేరుకుంటారో మాకు కొంత అంచనా ఉంటుంది." పడింది బుధవారం తొమ్మిదికి. కానీ అంతకుముందే మొదలైందా? ఆ ఉప్పు లేని పప్పు మూర్ఛా, కోపమా? మంగళవారం ఆమె మొహం ఎలా ఉందని అడిగేది. మంగళవారం నేను ఆమె మొహం చూడలేదు. "తెలియదు" అనేదాన్ని. ఆమె ఆ గడి ఖాళీగా వదిలి వెళ్లిపోయేది.

తరువాతి ఆదివారం పొద్దున మందు తగ్గించాక అక్క కళ్లు తెరిచింది. మధ్యాహ్నానికి వార్డుకు మార్చారు. బావ, కూతురు భోజనానికి కిందికి వెళ్లారు. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. అక్క నా వైపు తల తిప్పి, చాలాసేపు చూసింది.

"ఎవురమ్మా నువ్వు?"

కోపంతో అంటోందేమో అనుకున్నాను, అలాగైనా బాగుండేది. ఆ కళ్లలో కోపం లేదు. ముక్కూ మొహం తెలియని మనిషిని చూసే మంచితనం ఉంది. కొన్నాళ్లు మనుషుల్ని గుర్తుపట్టకపోవచ్చు, గట్టిగా నిలదీయొద్దు, సరిదిద్దొద్దు అని డాక్టరమ్మ పొద్దునే చెప్పింది.

"పక్క మంచమోళ్ల మనిషినమ్మా" అన్నాను.

"ఎంతసేపుగా కూచోనుండావు పాపం. ఏమన్నా తింటివా?" మాట నెమ్మదిగా, ఒక్కొక్కటీ వెతుక్కున్నట్టు వస్తోంది. "మా చెల్లెలు వచ్చినాదా? చూస్తివా?"

"వస్తాదిలెమ్మా."

"అది నాతో మాట్లాడదు. కోపం."

"మీ మీద దానికేం కోపమమ్మా? మీకు కదా కోపం రావల్సింది."

"నాకుండె ఒక దినం. రాత్రికే పోయినాది. తెల్లారి కొళాయి నీళ్లు వచ్చినాయి. అది బిందెలు పట్టతా ఉండె. ఎనకాల పోయి నిలబడి పిలిచినా. నోరు తెరిస్తే మాట రాలే. మాట యాడికి పోయినాదో తెలీలే. మళ్లా మళ్లా చూస్తి. దినమంతా దాని ఎంటనే తిరిగినా, సైగ చేద్దామని. అది మొగం తిప్పుకోని పోతా ఉండె." ఆమె చెయ్యి దుప్పటి మీదినుంచి లేచి నా చేతి మీద పడింది. "దాని తప్పు లేదులేమ్మా. మాకు అట్ల అలవాటు. నువ్వు చూస్తే చెప్పు దానికి, నాకేం కోపం లేదని."

"చెప్తానమ్మా" అన్నాను.

లేచి వరండాలోకి వచ్చాను. డాక్టరమ్మ బల్ల దగ్గర కాగితాలు రాస్తోంది. ఎదుట నిలబడ్డాను. మా వీధికి కొళాయి నీళ్లు వచ్చింది మంగళవారం, పొద్దున ఆరున్నరకు. అదే చెప్పాను.

ఆమె కాగితం తిప్పి, ఖాళీ గడిలో రాసుకుంది. "ఇన్నాళ్లు తెలియదన్నారు కదా. ఖచ్చితంగా తెలుసా?"

"తెలుసు" అన్నాను. "అక్క చెప్పింది."